పేరు రాసే చెయ్యి

1911 నాటి రాంచీ చిన్న పట్నం. అక్కడ ఆంగ్లికన్ మిషన్ వారి సెయింట్ పాల్స్ మగపిల్లల బడిలో టక్రా గ్రామం నుంచి ఒక ముండా కుర్రాడు చేరాడు. చిన్ననాటి పేరు ప్రమోద్ పాహన్. ముండాల్లో పాహన్ అంటే ఊరి పూజారి. లోకానికి తెలిసిన పేరు మాత్రం జైపాల్ సింగ్.

బడి మేలు చేయలేదా? చేసింది. ప్రిన్సిపాల్ కానన్ కాస్‌గ్రేవ్ అతన్ని ఇంగ్లండు తీసుకెళ్ళాడు. ఆక్స్‌ఫర్డ్ చదువు, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీ జట్టు సారథ్యం ఆ దారినే వచ్చాయి. నా ప్రశ్న వేరు. మేలు చేసినవారికి పిల్లవాడి పేరు మార్చే హక్కు వస్తుందా?

పేరుదేముంది, చదువు ముఖ్యం అంటారు. సవరల్లో చనిపోయిన పెద్దల పేరు బిడ్డకు పెడతారు. ఆ పేరు చెరిపితే తాత పేరు కూడా పోతుంది.

1854 వుడ్ తాఖీదు తర్వాత ప్రైవేటు, మిషన్ బళ్ళకు సర్కారు గ్రాంటు వచ్చింది. గ్రాంటుతో తనిఖీ, తనిఖీతో రిజిస్టరు. రాసేవాడికి నోరు తిరిగే పేరైతే పని సులువు. పేర్లు మార్చినవాళ్ళలో చాలామందికి చెడ్డ ఉద్దేశం ఉండదు, అందుకే తప్పు పట్టడం కష్టం. ఇవాళ ఆశ్రమ పాఠశాలలోనూ కోయ పేరు అలాగే తెలుగు పేరవుతుంది. పదో తరగతి మెమోలో ఒకటి, కుల ధ్రువపత్రంలో ఇంకొకటి. ఆఫీసుల చుట్టూ తిరిగేది మాత్రం రాసిన మాస్టారు కాదు.

రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ తన జనాన్ని ‘వనజాతి’ అనొద్దు, ‘ఆదివాసి’ అనండి అని పట్టుబట్టాడు. రాజ్యాంగంలోకి ‘షెడ్యూల్డ్ తెగలు’ ఎక్కింది. తెలుగులో మనం ‘గిరిజనులు’ అయ్యాం. గోదావరి ఒడ్డున బతికే కోయలకు కూడా కొండ తగిలించారు (వాళ్ళు తమను కోయతూర్ అనుకుంటారు). సొంత పేరు మారినా ఊరుకున్న మనిషి జాతి పేరు దగ్గర ఊరుకోలేదు. ఇందులో నాకు తేడా ఏమీ కనిపించదు. ఎదిగిన మనిషి ఏ పేరుతో బతకాలో తానే తేల్చుకుంటాడు. బడిలో చేరే పిల్లవాణ్ణి మాత్రం ఎవరూ అడగరు.

చిక్కు ఇంకోటుంది. తల్లిదండ్రులే వచ్చి, “అందరిలాంటి పేరు రాయండి సారూ” అంటే? రాయాల్సిందే, బిడ్డ వాళ్ళది. అయితే ఆ మాట వాళ్ళ నోట ఎందుకొచ్చిందో తెలియాలంటే, సాయంత్రం హాజరు వేళ హాస్టల్లో నిలబడి వినాలి: అసలు పేరు పిలిచినప్పుడు ఎవరు నవ్వుతున్నారో, ఆ నవ్వు విని ఏ పెద్దలు ఊరుకుంటున్నారో.