సమానమని ఎప్పుడు అనగలం?

రెండు జాబితాలు ఇచ్చి అవి సమానమో కాదో తేల్చే ప్రోగ్రాం రాయమనడం పైథాన్ నేర్చుకునేవాళ్లకు తొలినాళ్లలోనే ఎదురయ్యే అభ్యాసం. ముందు రెండింటి పొడవు చూడాలి. తేడా ఉంటే సమానం కావు. పొడవు కలిస్తే మొదటిదాన్ని మొదటిదానితో, రెండోదాన్ని రెండోదానితో పోలుస్తూ పోవాలి. ఎక్కడ తేడా కనిపిస్తే అక్కడే ఆగి కాదనాలి. చివరిదాకా కనిపించకపోతే అవుననాలి. పట్టుమని పది వరుసలు లేని ఈ పనిలో మన దర్శనాలు శతాబ్దాలుగా తర్కించిన రెండు ప్రశ్నలు ఉన్నాయి. రెండు వస్తువులు ఒకటే అనడానికి ఆధారమేమిటి? నాకు తెలిసింది నిజమేనని ఎప్పుడు అనవచ్చు? నా వాదం ఇది: సమానమని చెప్పేవాళ్లు దేన్నిబట్టి చెబుతున్నారో ముందే ప్రకటించాలి, ఆ తర్వాత తమ మాటను పడగొట్టగల ఉదాహరణను తామే వెతకాలి. ఈ రెండో పని చేయకుండా 'తెలుసు' అనే హక్కు ఎవరికీ రాదు.

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం అని ఒక బస్సు దారిని రాద్దాం. అవే నాలుగు ఊళ్లను కుప్పం నుంచి మొదలుపెట్టి తిరగరాద్దాం. ఏయే ఊళ్లు కలుస్తాయన్నదే ప్రశ్న అయితే రెండు జాబితాలూ ఒకటే. పుంగనూరులో నిలబడి కుప్పం వెళ్లాలనుకునే ప్రయాణికుడికి మాత్రం అవి ఒకటి కావు. పైథాన్ కూడా ఈ భేదాన్ని పాటిస్తుంది. జాబితాలుగా పోలిస్తే వరుస లెక్కలోకి వస్తుంది. సెట్లుగా మార్చి పోలిస్తే వరుసా పోతుంది, ఒకే విలువ ఎన్నిసార్లు వచ్చిందన్నదీ పోతుంది. విలువలన్నీ కలిసినా మెమరీలో రెండూ ఒకే వస్తువా, వేర్వేరు వస్తువులా అన్నది మరో ప్రశ్న. దానికి ఆ భాషలో వేరే గుర్తే ఉంది. కాబట్టి 'ఇవి సమానమా' అన్న ప్రశ్న దానికదే పూర్తి కాదు. ఏ విషయంలో సమానం అన్నది తేలాకే జవాబుకు అర్థం వస్తుంది.

ఇది కంప్యూటరు తెచ్చిన చిక్కేమీ కాదు. 1816లో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి మద్రాసు కలెక్టరు ఎల్లిస్ ఒక ఉపోద్ఘాతం రాశాడు. తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందన్న నమ్మకాన్ని అందులో ఆయన జాబితాలను పోల్చే ఖండించాడు. సంస్కృత ధాతువులనూ తెలుగు ధాతువులనూ పక్కపక్కన పేర్చి అవి వేరని చూపాడు. తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పేర్చి అవి ఒక కుదురువని చూపాడు. అరువు తెచ్చుకున్న తత్సమాలతో సహా నిఘంటువంతా పోల్చి ఉంటే తెలుగు సంస్కృతానికి బిడ్డలాగే కనిపించేది. భాషలు అవే, పదాలూ అవే. ఎంచుకున్న ప్రమాణం మారేసరికి తీర్పు మారింది. అలాగని తీర్పు ఇష్టాయిష్టాలకు వదిలేసిన వ్యవహారం కాదు. అరువు పదాలు వస్తూ పోతూ ఉంటాయి, ధాతువులు అంత సులువుగా మారవు అన్న కారణం ఆ ఎంపిక వెనక ఉంది. మూడు భాషలూ వినిపించే కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలిసిందంటే దానికి పునాది ఇలాంటి పోలికలే.

ప్రమాణం చెప్పడంలో జరిగే పొరపాట్లకు న్యాయదర్శనం ఎప్పుడో పేర్లు పెట్టింది. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు పిల్లలకు సులువుగా అర్థం కావాలనే తర్కసంగ్రహం రాశాడు. దానికి తానే రాసిన దీపికలో లక్షణ దోషాలకు ఆవును ఉదాహరణగా తీసుకున్నాడు. కపిలవర్ణం ఆవు లక్షణమంటే మిగతా రంగుల ఆవులు మిగిలిపోతాయి, అది అవ్యాప్తి. కొమ్ములుండటం లక్షణమంటే గేదె కూడా వచ్చి చేరుతుంది, అది అతివ్యాప్తి. ఆవు ఎత్తును బట్టి లక్షణం చెప్పబోయేవాళ్లకు మీటరు ఎత్తయినా లేని పుంగనూరు ఆవు ఒక్కటి చాలు, ఆ లక్షణం అవ్యాప్తమని తేలిపోవడానికి. జాబితాల ప్రోగ్రాంలోనూ ఇవే దోషాలు. సెట్లుగా మార్చి పోల్చేవాళ్లు 1, 1, 2ను 1, 2తో సమానమంటారు, అది అతివ్యాప్తి. ఒకే వస్తువైతేనే సమానమనేవాళ్లు, విడివిడిగా తయారైన ఒకేలాంటి జాబితాలను కాదంటారు; అది అవ్యాప్తి.

ఇక పరీక్ష. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనడానికి నైయాయికులు వంటిల్లు ఒక్కటే చూపి ఊరుకోలేదు. నిప్పూ పొగా రెండూ లేని మడుగునూ చూపారు. మొదటిది అన్వయం, రెండోది వ్యతిరేకం. ఏ జాబితాలిచ్చినా 'సమానం' అనేసే ప్రోగ్రాం, సమానమైన జతలు ఎన్ని లక్షలిచ్చినా నెగ్గుతుంది. దాన్ని పట్టించేది సమానం కాని ఒక్క జత. పొడవు చూడటం మరిచి జిప్ అనే సాధనంతో జతకట్టి పోలిస్తే, అది చిన్న జాబితా ముగియగానే ఆగిపోతుంది కనుక, 1, 2కూ 1, 2, 3కూ తేడా తెలియదు. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందన్న మాటను ఎర్రగా కాలిన ఇనుపగుండు పడగొట్టినట్టు, ఇలాంటి ప్రోగ్రాంను పడగొట్టేది అరుదుగా తగిలే ఉదాహరణే. ఖాళీ జాబితా, ఒకే విలువ మళ్లీమళ్లీ వచ్చే జాబితా, చివరి విలువ ఒక్కటే మారిన జాబితా ఆ కోవలోవి. తమ మాట మీద గౌరవం ఉన్నవాళ్లు వీటిని ఎదుటివాళ్లు తెచ్చేదాకా ఆగరు.

అయినా ఇదంతా వృథా కాదా అని ప్రత్యక్షాన్ని మాత్రమే నమ్మే చార్వాకుడు అడుగుతాడు. ఎన్ని వంటిళ్లు చూసినా చూడనివి మిగిలే ఉంటాయి; అన్నిచోట్లా ఇంతే అని ఎలా అంటావు? పరీక్షలు తప్పులున్నాయని చూపగలవు కానీ తప్పుల్లేవని చూపలేవని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా చెప్పిందీ ఇదే. ఈ ఆక్షేపణ బలమైనది. దాన్ని కాదనకుండానే జవాబు చెప్పవచ్చు. సందేహానికీ ఒక హద్దుందనీ, మన ఆచరణకే విరుద్ధమయ్యేచోట అది ఆగాలనీ 10వ శతాబ్దంలో నైయాయికుడు ఉదయనుడు వాదించాడు. అంతకన్నా ముఖ్యం, చూసిన ఉదాహరణలకు తర్కం తోడవడం. జాబితాల ప్రోగ్రాంలో, ఇప్పటిదాకా దాటిన స్థానాలన్నీ కలిశాయన్న మాట ప్రతి అడుగులోనూ నిలుస్తుంది; కనుక చివరిదాకా వెళితే అన్నీ కలిసినట్టే. ఇది ఏ పొడవుకైనా చెల్లే కారణం. అయితే కారణం కింద కూడా ఊహలుంటాయి. ప్రతి విలువా తనకు తాను సమానమే అనుకుంటాం. కానీ 'సంఖ్య కాదు' అని సూచించే నాన్ అనే దశాంశ విలువ తనతో తానే సమానం కాదు. విచిత్రంగా, అదే నాన్‌ను ఒక జాబితాలో పెట్టి ఆ జాబితాను దానితోనే పోలిస్తే పైథాన్ సమానమంటుంది. విలువను చూసేముందు ఒకే వస్తువా కాదా అని చూడటమే అందుకు కారణం. కాబట్టి పరీక్ష తర్కానికి పోటీ కాదు; తర్కం చూడకుండా నమ్మిన ఊహలను అది బయటపెడుతుంది.

మరో ఆక్షేపణ మదనపల్లె నుంచే వస్తుంది. 1895లో అక్కడ పుట్టిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా పోలికకు వ్యతిరేకంగా మాట్లాడాడు. ఒక పిల్లవాణ్ణి మరొకడితో పోలిస్తే ఆ పిల్లవాడు కనిపించకుండా పోతాడన్నది ఆయన ఆవేదన. అది నిజం, నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ పోలికలో హాని చేసేది చెప్పని ప్రమాణం. మార్కుల్లో ఎక్కువ అన్నమాట చూస్తుండగానే మనిషిగా ఎక్కువ అన్నమాటగా మారిపోతుంది. జాబితాల అభ్యాసం నేర్పేది దీనికి సరిగ్గా విరుద్ధమైన క్రమశిక్షణ: ఏ విషయంలో పోలుస్తున్నావో చెప్పు, చెప్పిన దానికి మించి తేల్చకు. పైగా 1929లో తన చుట్టూ అల్లిన సంస్థను తానే రద్దు చేసి, తనతో సహా ఎవరి అధికారాన్నీ నమ్మవద్దన్నవాడు కృష్ణమూర్తి. తాను రాసిన నాలుగు వరుసలను తానే అనుమానించి పరీక్షించే విద్యార్థి ఆ మాటకు దూరంగా లేడు. కులాల మీదా మతాల మీదా భాషల మీదా 'వాళ్లంతా ఒకటే' అన్న తీర్పులు మన చుట్టూ రోజూ వినిపిస్తాయి. ఆ తీర్పులిచ్చేవాళ్లను రెండు ప్రశ్నలు అడగాలి: దేన్నిబట్టి? కాదని చూపే ఉదాహరణ కోసం వెతికారా? మొదటి ఏడాది విద్యార్థి తన ప్రోగ్రాం విషయంలో ఈ రెండింటికీ జవాబు చెప్పాల్సిందే. మనుషుల మీద తీర్పు చెప్పేవాళ్లను అంతకన్నా తక్కువ అడగడం న్యాయం కాదు.