మొదటి ముద్ద

వాక్యభాగం: 1 రాజులు 17:8–16

కెరీతు వాగు ఎండిపోయాక దేవుడు ఏలీయాను సీదోను దేశంలోని సారెపతుకు పొమ్మన్నాడు. అక్కడ అతనికి తిండి పెట్టడానికి గాదెల నిండా ధాన్యమున్న ఇంటిని ఆయన ఎంచుకోలేదు. ఊరి గవిని దగ్గర పుల్లలు ఏరుకుంటున్న ఒక విధవరాలిని ఎంచుకున్నాడు. ఆమె ఇంట్లో మిగిలింది పిడికెడు పిండి, బుడ్డి అడుగున కాస్త నూనె. అదొక్కటి కాల్చుకుని, తనూ బిడ్డా తిని, ఇక చావుకు సిద్ధపడదామనుకుంది.

ఈ భాగాన్ని అనంతపురం జిల్లాలో చదివితే కరువంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కర్లేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే కురిసేసి ఇటు వస్తాయి. ఈశాన్యపు వానలకు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి సత్తువ ఉండదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనుకు రాదు. చెనిక్కాయ చేను ఊడలు దిగే వేళకు చినుకు పడకపోతే ఆ యేడు ఇంటికి చేరేది పశువులు తినే కట్టె మాత్రమే. 1876లో మొదలైన ధాత కరువు, 1952 నాటి గంజి కేంద్రాలు ఇక్కడి ఇళ్లలో పెద్దలు చెప్పగా పిల్లలు విన్న సంగతులు. పుల్లలు ఏరుకునే ఆ తల్లిని మనం ఎరుగుదుం.

ఏలీయా ఆమెను మొదట అడిగింది నీళ్లు. వాగులు ఇంకిపోయిన కాలంలో ముక్కూ మొహం తెలియని మనిషి, అదీ పరదేశి, తాగడానికి నీళ్లడిగితే ఆమె మారుమాట లేకుండా తేవడానికి కదిలింది. ఈ సంగతిని మనం తొందరగా దాటేస్తాం, రొట్టె దగ్గరికే పోతాం. ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరుసలో పెట్టుకుని కాచుకున్న ఊళ్లవాళ్లకు మాత్రం ఆ కదలిక విలువ తెలుస్తుంది. అలాంటి ఊళ్లలో కూడా గడప తొక్కినవాళ్ల చేతికి ముందు చెంబెడు నీళ్లు ఇస్తారు. ఆ వెంటనే "అన్నం తింటివా?" అని అడుగుతారు. వచ్చిన పనేమిటో ఆ తర్వాతి మాట.

తినలేదంటే సంగటికి పొయ్యి మీద ఎసరు పెడతారు. నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, సన్నసెగ మీద మగ్గనిచ్చి, కుండ దించి, రెండు చేతులా కట్టె పట్టుకుని ఉండ కట్టకుండా గెలుకుతారు. దానికి భుజబలం కావాలి. చేయి తడి చేసుకుని ముద్ద కట్టి, నడుమ గుంత చేసి, ఉంటే నెయ్యి వేస్తారు. పక్కన వేయించిన చెనిగ్గింజలు, ఎండుమిరపకాయలు, ఉల్లిగడ్డ, టమోటా కలిపి రోట్లో నూరిన ఊరుబిండి. వచ్చిన మనిషి రెండో ముద్ద అడిగితే వండిన తల్లి ముఖం ఎంత వెలుగుతుందో! వంట అయిపోయాక చుట్టం దిగితే కుండలో ఉన్న సంగటినే చిన్న ముద్దలు కడతారు, ఆ సంగతి చుట్టానికి తెలియనివ్వరు. అందరికన్నా చిన్న ముద్ద వండిన ఆవిడ పళ్లెంలో పడుతుంది. అతిథి మర్యాదను పొగిడే ప్రసంగాల్లో ఈ మాట వినబడదు, వినబడాలి.

అందుకే ఏలీయా రెండోసారి అడగడం నా మనసుకు చాలా బరువుగా తోస్తుంది. ముందు నాకొక చిన్న రొట్టె చేసి తెమ్మన్నాడు, తర్వాత నీకూ నీ బిడ్డకూ చేసుకోమన్నాడు. ఆకలితో ఉన్న బిడ్డ కళ్లెదుట ఉండగా ఏ తల్లినీ అడగకూడని మాట ఇది. అయితే అతడు వట్టి చేతులతో అడగలేదు. వాన కురిసే రోజు వరకు ఆ పిండి తరగదు, ఆ నూనె అయిపోదు అన్న దేవుని మాటను ఆమె చేతిలో పెట్టి అడిగాడు. పైగా అతడూ ఆ కరువు బాధితుడే. వాన ఆగిపోతుందని అహాబు రాజుకు చెప్పిన నోరే ఇప్పుడు ఒక పేదరాలి గుమ్మంలో రొట్టె అడుగుతోంది. ఆమె ఆ మాట నమ్మి వెళ్లి కాల్చి తెచ్చింది.

ఆ తర్వాత జరిగిన అద్భుతం తీరు చూడండి. కుండ అంచుదాకా నిండిందని లేఖనం చెప్పదు, ఖాళీ కాలేదని మాత్రమే చెబుతుంది. బయట వాన లేదు, పొలం పండలేదు. ఆమె రోజూ లేచి కుండలో చేయి పెట్టాలి, పిండి తడపాలి, పుల్లలు తేవాలి, పొయ్యి రాజేయాలి. దేవుడు ఆమె చేతుల పనిని ఆపలేదు, ఆ పనికి కావలసింది ఏ పూటకాపూట ఉంచాడు. చావబోయే ముందు తినే కూడు అనుకున్నది ముగ్గురి కోసం వండే వంట అయింది. తనకోసమూ బిడ్డకోసమూ ఇక ఏమీ లేదనుకున్న ఇంట్లో ఇంకొకరి ఆకలి గురించి ఆలోచించే పని మొదలైంది. నాకు ఆ ఇంటి సంతోషం అక్కడే కనబడుతుంది. ఎన్నో ఏళ్ల తర్వాత యేసు నజరేతు సమాజమందిరంలో ఈమెను తలచుకున్నాడు (లూకా 4:25–26). ఇశ్రాయేలులో ఎందరో విధవరాండ్రు ఉండగా ఏలీయా ఈ పరదేశి ఇంటికే పంపబడ్డాడని ఆయన చెబితే వింటున్నవాళ్లు కోపంతో లేచారు.

ఇంటికి సున్నం వేయించాక భోజనానికి పిలుద్దాం, కుర్చీలు కొన్నాక పిలుద్దాం, పంట చేతికొచ్చాక పిలుద్దాం అని మనం వాయిదా వేస్తుంటాం. పని కోసం బెంగళూరు పోయిన మన పిల్లలు అలా వాయిదా వేయడం లేదు. ఒక్క గదిలో నలుగురు సర్దుకుని ఉంటూ, ఊరి నుంచి ఐదోవాడు బస్సు దిగితే వాడి కోసం గుప్పెడు బియ్యం ఎక్కువ పోస్తున్నారు, చాప పరుస్తున్నారు. ఈ వారం మీ వీధిలో ఒంటరిగా తినేవాళ్లు ఎవరున్నారో చూసి, ఒక పూట పిలవండి. ఇంట్లో ఉన్నదే వండండి.

ప్రార్థన: ప్రభువా, ఈ రోజు మా గడప తొక్కేది ఎవరో నీకు తెలుసు. వాళ్లకు పెట్టడానికి చాలినంత మా కుండలో ఉంచు. వండే చేతులకు బలమివ్వు, ఆ చేతులకూ కడుపునిండా తిండి దక్కనివ్వు. పొయ్యి వెలగని ఇళ్లు మా ఊళ్లో ఉంటే మా కళ్లకు చూపించు. మా చేల మీద వానను అదనుకు కురిపించు. యేసు నామంలో అడుగుతున్నాం. ఆమేన్.