చదువు కోసం చెయ్యి చాచడం

దిండి

చిరంజీవి శిరీషను పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం మీ అమ్మ చదివి వినిపించింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని నేనూ ఓసారి చదువుకున్నాను. అమెరికాలో మీ కాలేజీ సోదరీ సంఘం నడిపే విద్యా ఫౌండేషన్‌కి చందాలు పోగుచేసే పని నీకు అప్పగించారట. చాలా సంతోషం. కానీ ఆ కిందనే, "ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఫోన్ చేసి డబ్బులడగడం నా వల్ల కావట్లేదు పెద్దమ్మా, దేహీ అన్నట్టుంది" అని రాశావు. ఆ ఒక్క మాట కోసమే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

నీకు సిగ్గెందుకు వేస్తోందో నాకు తెలుసు. మన ఇళ్ళల్లో ఆడపిల్లకి పెట్టడం నేర్పుతారు, అడగడం నేర్పరు. గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి లేదనకూడదు, మనం మాత్రం ఎవరి గుమ్మమూ తొక్కకూడదు. అడగాల్సి వస్తే మగవాళ్ళు చూసుకుంటారు. ఈ పెంపకంలో మంచి లేదనను. అయితే మన అవసరానికి అడగడం వేరు, ఇంకో ఇంటి పిల్ల చదువుకి అడగడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని కూర్చుంటే ఆడవాళ్ళ చేతుల మీదుగా ఒక్క బడి కూడా లేచేది కాదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు నువ్వు పాఠాల్లో చదివే ఉంటావు. రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగిన మన గోదావరి పిల్ల. 1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసేటప్పటికి ఆమెకి ఇంకా 12 ఏళ్ళు నిండలేదు. ఊళ్ళో దేవదాసీలకీ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలకీ ఆయన మాట వినిపించాలని పట్టుబట్టింది. నలుగురూ వచ్చే సభకి ఒకరిని రానివ్వరు, ఇంకొకరు రాలేరు. ఆయన సమయంలో కాస్త వీళ్ళకోసం ఇప్పించమని పెద్దల్ని అడిగితే, 5,000 రూపాయల నిధి పోగుచేసి తెమ్మన్నారు. ఆ రోజుల్లో 5,000 రూపాయలు! పిల్ల మళ్ళీ రాకుండా ఉండటానికే అంత మొత్తం చెప్పారని నా అనుమానం. ఆ పిల్ల తిన్నగా వెళ్ళి దేవదాసీలకే ఆ మాట చెప్పింది. డబ్బు సమకూడింది. గాంధీగారు వచ్చారు, ఇస్తానన్న కాసేపటికంటే ఎక్కువసేపే వాళ్ళ మధ్య ఉన్నారు, ఆయన హిందీని ఆ పిల్లే తెలుగులో చెప్పింది. విన్న ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. ఆ తర్వాత పెద్ద సభకి కూడా నువ్వే తెలుగు చెప్పాలని గాంధీగారు ఆమెని వెంటబెట్టుకుని వెళ్ళారు.

ఇందులో నువ్వు గమనించాల్సింది గాంధీగారిని కాదు, ఇచ్చినవాళ్ళని. ఊరంతా చిన్నచూపు చూసే ఆడవాళ్ళు. వాళ్ళని చందా అడగడం ఆ కాలంలో ఇంకెవరికీ తట్టి ఉండదు. అడిగేటప్పుడు మనం తెలియకుండా చేసే పెద్ద అన్యాయం ఇదే. "ఆవిడేం ఇస్తుందిలే" అనుకుని కొంతమందిని జాబితాలోంచి ముందే కొట్టేస్తాం. అడక్కపోతే వాళ్ళకి మర్యాద ఇచ్చినట్టు అనుకుంటాం. అది మర్యాద కాదమ్మా, వాళ్ళని లెక్కలోంచి తీసెయ్యడం.

ఇక్కడ మేం నడుపుకునే చిన్న నిధి సంగతి నీకు కొంత తెలుసు. ట్యూషను ఫీజు ప్రభుత్వం తిరిగి ఇస్తుంది, నిజమే, ఆ డబ్బు వచ్చేసరికి ఎంత ఆలస్యమైనా. మిగతావి ఎవరిస్తారు? పరీక్ష ఫీజుకి ఆఖరు తేదీ, నర్సింగు చేరిన పిల్లకి యూనిఫాం, కౌన్సెలింగుకి వెళ్ళే ఛార్జీలు, హాస్టల్లో ముందుగా కట్టాల్సిన నెల. 1,500 రూపాయలు వేళకి అందక ఏడాది పోగొట్టుకున్న పిల్లలు మన చుట్టుపక్కల ఊళ్ళల్లోనే ఉన్నారు. అందుకని కొబ్బరి తోటలున్న ఇళ్ళవాళ్ళం దింపు దింపుకీ వందకి రెండు కాయలు పక్కన పెడతాం. దింపు అయ్యాక చెట్ల కింద కాయలు లెక్కపెట్టేటప్పుడే ఆ రెండూ విడిగా వేయించాలి. సాయంత్రం ఇద్దాంలే అంటే రాశిలో కలిసిపోతాయి, ఇక రావు. పోగైన కాయల్ని అంబాజీపేట వెళ్ళే లోడుతో పంపి, వెయ్యికి ఏ ధర పలికితే ఆ ధర రాసుకుంటాం. తెల్లదోమ పట్టిన ఏడు కాయే తగ్గుతుంది, నిధీ తగ్గుతుంది. తోట లేనివాళ్ళు డబ్బే ఇస్తారు. లేసు అల్లేవాళ్ళు కూలీ అందిన రోజున ఇరవయ్యో ముప్పయ్యో ఇస్తారు.

వీళ్ళల్లో కువైట్‌లో ఒకరింట్లో పనిచేసే మన వీధి అమ్మాయి ఒకతె ఉంది. ఎనిమిదితో బడి మానేసింది. తన కూతురి చదువుకి పంపుకునే డబ్బుతోపాటు మన నిధికి 500 రూపాయలు కలిపి పంపుతుంది. పంపిన ప్రతిసారీ వాట్సాప్‌లో గొంతు పెట్టి, "పోయినసారి డబ్బులు ఏ పిల్లకి దేనికిచ్చారో చెప్పండి టీచరుగారూ" అంటుంది. బాగా ఉన్నవాళ్ళు కొందరు వేలల్లో ఇచ్చి మళ్ళీ మాట్లాడరు. లెక్క అడిగేది ఈ అమ్మాయే. ఎండలోనో వంటింటి వేడిలోనో సంపాదించిన డబ్బుకి లెక్క అడిగే హక్కు ఆమెకి కాక ఎవరికుంటుంది? ఆమె అడగకముందే చెప్పగలిగేలా చిట్టా రాసుకోవాలని నాతో పనిచేసే వాళ్ళందరికీ చెప్తుంటాను. నువ్వూ అంతే. జమ అయిన రోజునే రాయి. రసీదు ఇవ్వకుండా రూపాయి తీసుకోకు, ఇచ్చినవాళ్ళు "మనలో మనకి రసీదులేంటి" అన్నా సరే.

ఈ విషయంలోనూ దుర్గాబాయే గుర్తొస్తుంది. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర ఆమె వాలంటీరు. జవహర్‌లాల్ నెహ్రూ వస్తే టికెట్టు లేదని ఆపేసింది. నిర్వాహకులు టికెట్టు కొనిచ్చాకే లోపలికి వదిలింది. ఇదేదో పిల్లచేష్ట అని ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో ఆమె పెట్టిన ఆంధ్ర మహిళా సభ కనిపిస్తుంది. 1937లో మద్రాసు మైలాపూరులో ఆడపిల్లల చిన్న బృందంతో మొదలై, బెనారస్ మెట్రిక్ పరీక్షకి తయారుచేసే తరగతులతో పెరిగి, తర్వాత హైదరాబాదులో కాలేజీలూ ఆసుపత్రీ దాకా వచ్చిన సంస్థ అది. గుమ్మం దగ్గర పెద్దాచిన్నా చూడని మనిషి నడిపింది కాబట్టే అంతమంది ధైర్యంగా డబ్బిచ్చారని నా నమ్మకం.

మీ అమెరికాలో ఈ జాగ్రత్తని చట్టమే పెట్టింది, నువ్వు పంపిన కాగితాలు చూస్తే అర్థమైంది. సోదరీ సంఘం అంటే సభ్యుల స్నేహం కోసం పెట్టుకున్న క్లబ్బు లాంటిది, దానికిచ్చే డబ్బుకి పన్ను మినహాయింపు లేదు. ఫౌండేషన్ దాతృత్వ సంస్థ, దానికిస్తే ఉంది. అందుకే రెంటికీ వేర్వేరు ఖాతాలు, వేర్వేరు కమిటీలు. ఏదో ఒకరోజు మీ సంఘం ఇంటి పైకప్పు కారుతుంది, లేదా వేడుకకి డబ్బు చాలదు. అప్పుడు ఎవరో ఒక మంచి పిల్లే, "ఫౌండేషన్‌లో ఊరికే పడుంది కదా, వచ్చే నెల సర్దేద్దాం" అంటుంది. చెడ్డవాళ్ళు అడిగితే కాదనడం తేలిక. స్నేహితురాలు అడిగినప్పుడు కాదనాలి. ఆ రోజు కోసం ఇప్పుడే మనసు సిద్ధం చేసుకో.

అక్కడివాళ్ళకి ఈ పని కొత్త కాదు. అయోవా రాష్ట్రంలో 1869లో ఏడుగురు కాలేజీ అమ్మాయిలు పెట్టుకున్న పి.ఇ.ఓ. అనే సోదరీ సంఘం, చదువుకునే ఆడవాళ్ళకి అప్పులివ్వడానికి 1907లోనే నిధి పెట్టింది. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి అమ్మాయిలు 1908లో స్థాపించుకున్న ఆల్ఫా కప్పా ఆల్ఫా 1980లో విడిగా విద్యా ఫౌండేషన్ పెట్టుకుంది. నాకు వీటన్నిటికంటే ఇష్టమైన కథ పండిత రమాబాయిది. బాల వితంతువులకి బడి పెట్టాలని ఆవిడ అమెరికా అంతా తిరిగి ఉపన్యాసాలిచ్చింది. 1887 డిసెంబరులో బోస్టన్‌లో రమాబాయి అసోసియేషన్ ఏర్పడింది. ఊరూరా రమాబాయి సర్కిళ్ళు పెట్టుకుని, ఒక్కో సభ్యురాలు ఏడాదికి ఒక డాలరు చొప్పున పదేళ్ళు ఇస్తానని మాటిచ్చింది. ఆ డాలర్లతో 1889 మార్చిలో బొంబాయిలో శారదా సదన్ తెరిచారు.

ఒకేసారి పది డాలర్లు తీసుకుంటే సరిపోయేది కదా అని నీకనిపించవచ్చు. ఆ పదేళ్ళ మాటలోనే కిటుకుంది. ఈ ఏడు బడిలో చేరిన పిల్లకి వచ్చే ఏడు కూడా అన్నం పెట్టాలి, పుస్తకాలు కొనాలి. దాతకి ఉత్సాహం వచ్చినప్పుడు ఇచ్చి, పోయినప్పుడు మానేస్తే మధ్యలో నలిగిపోయేది ఆ పిల్ల. నువ్వు అడిగేటప్పుడు పెద్ద మొత్తం ఒక్కసారి ఇమ్మని ఒత్తిడి పెట్టకు. చిన్నదే అయినా ఏటా ఇస్తారా అని అడుగు. మీది శాశ్వత నిధి అనీ, అసలు ముట్టకుండా రాబడిలోంచి ఏటా నిధి విలువలో నాలుగైదు శాతమే స్కాలర్‌షిప్పులకి తీస్తారనీ రాశావు, మంచి పద్ధతి. ఇక్కడ మాకు లక్ష రూపాయలు బ్యాంకులో వేస్తే ఏడు శాతం వడ్డీ వస్తే ఏడాదికి ఏడు వేలు, నలుగురు పిల్లల పరీక్ష ఫీజులు. నెమ్మదిగా పెరిగే నిధిని చూసి విసుగుపడకూడదు.

మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారిని తలుచుకోకుండా ఈ నేల మీద దానం మాట ఎత్తలేం. వేళకాని వేళ వచ్చినా, ఏ కులంవాడైనా విస్తరి వేసి పెట్టిన తల్లి. 1909లో పోయింది. గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరు, ఇప్పుడు బళ్ళల్లో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. అంతటి మనిషి కూడా తన ఇంటి ఆస్తి మీదే ఆ దానం నడిపింది, నడపగా నడపగా భూములు కరిగిపోయాయని చెప్పుకుంటారు. ఆకలికి ఒక పూట అన్నం పెడితే ఆ పూటకి పని పూర్తవుతుంది. చదువు అలా కాదు, ఒక్కో పిల్లకి పదీ పదిహేనేళ్ళు వెనక నిలబడాలి. ఒక ఇంటివల్ల అయ్యే పని కాదు. 1902లో భండారు అచ్చమాంబగారు మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది కూడా ఇందుకే అనుకుంటాను. సంఘం ఉంటే మనిషి పోయినా పని పోదు.

సీతమ్మగారి గురించి ఇంకొకటి చెప్పుకుంటారు. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆవిడ ఫొటో కావాలని దొరలు అడిగితే, దానం పేరు కోసం చేసేది కాదని ఒప్పుకోలేదట. ఎంతో బతిమాలాక గానీ తీయించుకోలేదట. ఇచ్చిన మనిషికే ఫొటో అంటే అంత బిడియం. మరి తీసుకునే పిల్లకి ఎలా ఉంటుంది?

కొన్నేళ్ళ క్రితం మన దగ్గరే ఒక దాత, పేరు రాయను, పదో తరగతి పిల్ల చేతికి తలుపంత అట్టముక్క చెక్కు ఇచ్చి వేదిక మీద నిలబెట్టాడు. దాని మీద 3,000 రూపాయలని ఎర్ర అక్షరాలు. ఫొటో సరిగ్గా రాలేదని పిల్లని ఇంకోసారి నవ్వమన్నారు. ఆ పిల్ల చెక్కుని గడ్డం దాకా ఎత్తి మొహం దాచుకుంది. మర్నాటి నుంచి క్లాసులో పిల్లలు దాన్ని ఆ అంకెతోనే పిలిచారు. ఆ తర్వాత మేం ఇచ్చే డబ్బు కూడా వద్దంది, వాళ్ళమ్మ వచ్చి చెప్పింది. అప్పటినుంచి మా నిధిలో ఫొటోలు లేవు. డబ్బు పిల్ల ఖాతాలోనో కాలేజీ ఖాతాలోనో పడుతుంది. ఇచ్చినవాళ్ళకి ఎంతమందికి ఏమేం కట్టామో చెప్తాం, పేరు చెప్పం. ఫొటో లేకపోతే ఇవ్వననేవాళ్ళని నమస్కారం పెట్టి పంపించేశాం. అలా పోయిన డబ్బు తక్కువేం కాదు, ఆ ఏడు చాలా ఇబ్బంది పడ్డాం, అయినా ఇప్పటికీ అదే సరైందంటాను. మీ ఫౌండేషన్ విందుల్లో స్కాలర్‌షిప్ అందుకున్న అమ్మాయిల చేత తమ కష్టాలు చెప్పిస్తారని రాశావు. చెప్పాలనిపించినవాళ్ళు చెప్పుకోవచ్చు. చెప్పకపోతే వచ్చే ఏడు డబ్బు రాదేమో అనే భయంతో ఏ పిల్లా మైకు పట్టుకోకుండా చూసే బాధ్యత నీది.

మన దిండి నిధికి కూడా అక్కడినుంచి పంపిస్తానన్నావు. నీ మనసు నాకు తెలుసు, కానీ తొందరపడకు. నువ్వు ఇంకా మన దేశ పౌరురాలివి, నీ జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. మీ ఫౌండేషన్ ఇచ్చినా, అక్కడి పౌరులు ఇచ్చినా వస్తుంది. దానికి కేంద్ర హోం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. మాకు ఆ రిజిస్ట్రేషన్ లేదు. ఎవరి ఖాతాలోనో వేయించుకుని సర్దుకోవడం నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు.

ఇక ఫోన్లు మొదలుపెట్టు. మొదటి పదిమందిలో తొమ్మిదిమంది కాదంటారు, నీ గొంతు వణుకుతుంది, పర్వాలేదు. కాదన్నవాళ్ళకి కూడా థాంక్స్ చెప్పి, వచ్చే ఏడు మళ్ళీ చెయ్యొచ్చా అని అడుగు. ఇంకొకటి. మీ దగ్గర దరఖాస్తులు చదివి ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో, ఒకప్పుడు ఆ సాయం తీసుకుని చదువుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో కనుక్కుని నాకు రాయి. ఒక్కరూ లేకపోతే ఎందుకు లేరని వచ్చే సమావేశంలో నువ్వే లేచి అడగాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ