పలాలిలో దిగిన డివిజన్

1987 జులై 29న ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. మర్నాటి నుంచే సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతిదళ డివిజన్, మేజర్ జనరల్ హర్‌కిరత్ సింగ్ నాయకత్వంలో, జాఫ్నా దగ్గరి పలాలి విమానాశ్రయంలో దిగింది. చెప్పిన పని శాంతిని కాపాడటం. తమిళ మిలిటెంట్లు ఆయుధాలు అప్పగిస్తారు, సింహళ సైన్యం బారకాసులు దాటదు, మధ్యలో మన జవాన్లు నిలబడతారు. అక్టోబరు మొదట్లో శ్రీలంక నౌకాదళానికి చిక్కిన పులేంద్రన్, కుమరప్ప, మరికొందరు ఎల్‌టీటీఈ టైగర్లు సయనైడ్ మింగి చనిపోవడంతో ఆ ఏర్పాటు కుప్పకూలింది. కాపలాకు వెళ్లిన సైన్యానికి ‘ఆపరేషన్ పవన్’ పేరుతో యుద్ధం చేయమని ఆదేశం వచ్చింది.

అక్టోబరు 11 రాత్రి ఎల్‌టీటీఈ నాయకులను పట్టుకోవాలని జాఫ్నా విశ్వవిద్యాలయ మైదానంలో హెలికాప్టర్లతో కమాండోలను, సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లను దించారు. వైర్‌లెస్ మాటలు పట్టేసిన టైగర్లు ముందే కాచుకుని ఉన్నారు. దిగిన 30 మంది సిక్కు జవాన్లలో 29 మంది చనిపోయారు, ఒకరు బందీగా చిక్కారు. ఆ ప్రాంతపు తాజా పటాలు కూడా చేతిలో లేవని అక్కడ పోరాడిన అధికారులే తర్వాత చెప్పుకున్నారు. ఆ డివిజన్ కేంద్రమైన సికింద్రాబాద్‌కు దగ్గర్లోని ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. దేశమంతటి నుంచీ వచ్చి పటాలు గీయడం నేర్చుకునే చోటు అది.

అయినా పటాల లోటు అసలు లోటు కాదు. నష్టపోయినా అక్టోబరు చివరికల్లా సైన్యం జాఫ్నాను గెలిచింది. గెలిచాక ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు. 1983 తర్వాత ఈ టైగర్లకే శిక్షణ, ఆయుధాలు ఇచ్చింది మన గూఢచారి సంస్థ. కొలంబోలోని భారత హైకమిషనర్ దీక్షిత్ ఒకటి చెబితే, పలాలిలోని జనరల్‌కు సైనిక ప్రధాన కార్యాలయం నుంచి మరొకటి అందేది. జనరళ్ల పుస్తకాల్లో తప్పెక్కువగా దౌత్యవేత్తలదీ ఢిల్లీదీ. అది సగం నిజమే. శత్రువును తక్కువ అంచనా వేసి, చాలినంత బలం లేకుండా, హడావిడిగా దిగడానికి ఒప్పుకున్నది సైనిక నాయకత్వమే. ఈ పని మాతో కాదని చెప్పగలిగిన సీనియర్లు ఆనాడు మాట్లాడలేదు.

ఆ తర్వాత బలగం నాలుగు డివిజన్లకు పెరిగింది, లక్ష్యం మాత్రం స్పష్టపడలేదు. అఫ్ఘానిస్తాన్‌లో అమెరికా ఇరవై ఏళ్లు చేసింది కూడా దాదాపు ఇదే. పి.వి. నరసింహారావు విదేశాంగ మంత్రిగా ఉండగానే, 1989లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస భారత సైన్యాన్ని వెళ్లిపొమ్మన్నాడు. దానిమీద పోరాడటానికి టైగర్లకే ఆయుధాలిచ్చాడు. 1990 మార్చి 24న చివరి జవాన్లు లంక విడిచారు. చనిపోయిన భారత జవాన్లు సుమారు 1,200 మంది. మద్రాసు రేవులో జరిగిన స్వాగత సభకు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు.