వారసత్వం యెవరిది?

పాత నగరాల అందాన్ని మెచ్చుకోవడం అభ్యుదయవాదికి తగునా అని అడిగేవారున్నారు. తగుననే నేనంటాను, అయితే లెక్క పూర్తిగా చూడాలి. ఇటలీలోని ఫ్లారెన్స్ ప్రధాన చర్చి గుమ్మటం 1436లో పూర్తయింది. ఆ చర్చి నిర్మాణాన్ని చూసుకొన్నది ఉన్ని వర్తకుల సంఘం. ఉన్ని దువ్వే కూలీలకు మాత్రం సొంత సంఘం పెట్టుకొనే హక్కు లేదు. 1378లో తిరగబడి వారు సాధించుకొన్న సంఘాన్ని కొద్ది వారాల్లోనే రద్దు చేశారు.

ఈ లెక్క మనకూ వర్తిస్తుంది. పటాన్‌చెరు ఒకప్పటి పొట్టలకెరె. చాళుక్య జయసింహుని రాజధాని. అక్కడ దొరికిన జైన విగ్రహాలను కాపాడుకోవలసిందే. కాని కర్మాగారాల మురుగుతో నక్కవాగు విషమైంది. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టుదాకా పోయింది. 2025 జూన్ 30న పక్కనే పాశమైలారంలో ఒక మందుల కర్మాగారం పేలి 40 మందికి పైగా చనిపోయారు.

విగ్రహాన్ని కాపాడి, వాగునూ కార్మికుణ్ణీ గాలికొదిలేసే పనిని సంస్కృతి రక్షణ అనడానికి నాకు నోరు రాదు. తాగదగిన నీరూ వారసత్వమే. పనికి పోయినవాడు ప్రాణాలతో ఇల్లు చేరడమూ వారసత్వమే. అందాన్ని మెచ్చుకొందాం; దాని ఖరీదు యెవరు చెల్లించారో అడిగి మరీ మెచ్చుకొందాం.