గడప బయట నిలుచువాడు

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 24:10–13



మన సంఘములలో గొప్ప ఆస్తిపరులు తక్కువ. అయినను పల్లెలో సేద్యము చేసికొనుచు, దగ్గరి పట్నములో రెండు గదుల యిల్లో, బజారులో చిన్న దుకాణమో అద్దెకిచ్చినవారు కొందరున్నారు. బిడ్డల చదువునకైనను, ముసలితనములో మందులకైనను ఆ అద్దెయే వారికి ఆధారము. అద్దెకున్నవాడు నెలల తరబడి అద్దె చెల్లింపక, ఖాళీ చేయక కూర్చున్నప్పుడు ఇల్లుగలవాని కడుపు మండుట సహజము. చివరకు కోర్టు మెట్లెక్కవలసి వచ్చును. అట్టివాడు ఏలాగు సిద్ధపడవలెను?

మోషే ధర్మశాస్త్రములో అప్పిచ్చినవానికి ఒక నియమమున్నది. తాకట్టు తీసికొనుటకు అతడు బాకీదారుని యింటిలోనికి చొరబడరాదు. బయటనే నిలువవలెను, ఆ మనుష్యుడే దానిని తెచ్చి చేతికియ్యవలెను. బాకీ అబద్ధమని దేవుడు చెప్పలేదు. హక్కు నిజమే, ఆ హక్కుతో గడప దాటుట మాత్రము తగదు. కోర్టు అనునది ఇల్లుగలవానిని గడప బయట నిలువబెట్టు ఏర్పాటే. ఈ సంగతి మనసున నుంచుకొని సిద్ధపడుదము.

మొదట, చేతులను అదుపులో నుంచుకొనుడి. “నా యిల్లు, నా తాళము” అని తాళము వేయుట, కరెంటు తీయించుట, నీళ్లు ఆపుట, సామాను వీధిలో పెట్టుట తగవు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టము 6వ సెక్షను ప్రకారము, చట్టరీత్యా గాక బలవంతముగా వెళ్లగొట్టబడినవాడు ఆరు నెలలలోగా దావా వేసి తిరిగి స్వాధీనము పొందవచ్చును. ఆస్తి ఎవరిదను ప్రశ్న అక్కడ అడ్డురాదు. న్యాయము తన పక్షమున నున్నవాడు ఒక్క రాత్రి కోపముచేత ప్రతివాదియై నిలుచును. అంతకంటె పెద్ద సంగతి, ఆ వీధిలో పడిన చాపమీద ఒక పసిబిడ్డ పండుకొనవలసి వచ్చును.

రెండవది, కాగితములు సిద్ధపరచుకొనుడి. యెరూషలేము ముట్టడిలో నుండగా, తాను బందీగా నున్నప్పుడు, యిర్మీయా అనాతోతు పొలమును 17 తులముల వెండికి కొనెను. ఆ దినములలో సహితము అతడు క్రయపత్రము వ్రాయించి, సాక్షులచేత సంతకములు చేయించి, బారూకు చేత మంటికుండలో పెట్టించెను (యిర్మీయా 32). ప్రవక్తయే పత్రమును అంత భద్రపరచెను గదా! మీరును ఇంటి దస్తావేజు, పన్ను రసీదులు, అద్దె ఒప్పందము, అద్దె ముట్టిన లెక్క, పంపిన ఉత్తరములు తేదీల వరుసన కూర్చుకొనుడి. ఒక సంవత్సరమునకు మించిన గడువుగల అద్దె ఒప్పందము రిజిస్టరు కావలసియున్నదని మరువకుడి. నెలవారీ అద్దెకు వేరు ఒప్పందము లేనిచో, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 106వ సెక్షను ప్రకారము 15 దినముల గడువుతో వ్రాతపూర్వకమైన, సంతకము చేసిన నోటీసు ఇయ్యవలెను. దానిని పోస్టులో పంపి రసీదు దాచుకొనుడి. నోటీసు గడువు తీరిన తరువాత అద్దె పుచ్చుకొన్నయెడల నోటీసును వదలుకొన్నారని ఎదుటివారు వాదింపవచ్చును. గనుక ముందు వకీలును అడుగుడి. అద్దె బాకీకి దావా వేయుటకు మూడు సంవత్సరములే గడువు. అద్దె నియంత్రణ చట్టము వర్తించు చోట్ల ఖాళీ చేయించుటకు ఆ చట్టము చెప్పిన కారణమే చూపవలెను. మీ ఊరికి ఏ చట్టము వర్తించునో అదియు వకీలునే అడుగుడి.

మూడవది, నాలుకను సిద్ధపరచుకొనుడి. నాబోతు ద్రాక్షతోటను గూర్చి విచారణ జరిగెను, సాక్షులు వచ్చిరి, తీర్పు తీర్చబడెను. అయినను అది హత్యయే, ఏలయనగా సాక్ష్యము అబద్ధము (1 రాజులు 21). అయిదు నెలల బాకీని ఎనిమిది నెలలని వ్రాయింపకుడి. తీసికొనిన అడ్వాన్సును దాచకుడి. రసీదు లేకుండ పుచ్చుకొనిన అద్దెను పుచ్చుకొనలేదనకుడి. ఎక్కువ అద్దె కొరకు ఖాళీ చేయించుచు, “కుమారుని కాపురమునకు కావలెను” అని ప్రమాణము చేయకుడి. ముందు మాటలాడినవాని పక్షము న్యాయముగా తోచును గాని, ఎదుటివాడు వచ్చి ప్రశ్నించినప్పుడు నిజము తేలును (సామెతలు 18:17). నిజము చెప్పువాడు అడ్డప్రశ్నలకు భయపడనక్కరలేదు.

నాలుగవది, త్రోవలో సమాధానమునకు చోటియ్యుడి (మత్తయి 5:25). చెల్లించలేనివాడు వేరు, చెల్లింపనివాడు వేరు. రోగమువలననో, పని పోయినందువలననో వెనుకబడినవానికి గడువిచ్చి, బాకీలో కొంత విడిచి, ఖాళీ చేయు తేదీని వ్రాతలో పెట్టించుకొనుట నష్టము కాదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరినయెడల ఆ అవార్డు డిక్రీతో సమానము. దానిమీద అప్పీలు లేదు. చెల్లించిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును. అద్దెకున్నవాడు మన సంఘస్థుడే అయినచో, మొదట ఇద్దరు పెద్దలతో అతని యింటికి పోయి మాటలాడుడి (1 కొరింథీయులు 6:1–6).

ఇంత చేసినను అతడు వినకపోవచ్చును. అప్పుడు నిర్భయముగా కోర్టుకు వెళ్లుడి. అది పాపము కాదు. గెలిచినను గడప బయటనే నిలువుడి. డిక్రీని అమలు చేయుట కోర్టువారి పని, మీ బంధువులది కాదు. తాకట్టు పెట్టిన బీదవాని వస్త్రమును ప్రొద్దు గ్రుంకకమునుపే తిరిగి ఇయ్యుమని అదే అధ్యాయము చెప్పుచున్నది. గెలిచిననాటి సాయంకాలము ఆ కుటుంబము ఎక్కడ పండుకొనునో విచారించుడి.

ప్రభువా, మా హక్కును నిజముతో అడుగుటకు ధైర్యమును, దానిని దయతో పుచ్చుకొనుటకు మంచి మనసును మాకు దయచేయుము. ఆమేన్.