పేరు పెట్టి పిలుద్దాం



గౌతమి పాయకు ఆవలి ఒడ్డునున్న కోరంగి రేవు నుండి 19వ శతాబ్దంలో మన తెలుగువారెందరో కూలీలుగా మారిషస్‌కు, బర్మాకు ఓడలెక్కారు. అక్కడ వారిని 'కోరంగీలు' అన్నారు. ఊరు, ఇంటిపేరు మరుగునపడి రేవు పేరే మనిషి పేరైంది.

తరాలు గడిచి మారిషస్‌లో చాలామందికి తెలుగు దూరమైంది. అయినా ఉగాది నిలిచింది. నేడు అక్కడ అది ప్రభుత్వ సెలవు దినం. మాట, వేషం మారినంత మాత్రాన జాతి నశించదు. మనిషి విలువను అతని కూలితో కొలిచినప్పుడే నశిస్తుంది.

ఆ పాపం తెల్లదొరలదేనా? కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చిన కోనసీమ ఆడపడుచును “ఎంత తెచ్చావు?” అంటాం, “ఎలా ఉన్నావమ్మా?” అనం. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుస్తాడు. మరి మనం?